దారం కట్టిన వేరుశనగ ఉండ

మా అన్న కూతురు విరుదునగర్ కాలేజీలో సెమినార్ చెప్పడానికి లేచి, నాలుగు వాక్యాలు చెప్పి, నోరు పెగలక కూర్చుండిపోయింది. ఇంటికొచ్చి ఇక చదువుకు పోనంది. టీచరమ్మ సోమవారం మళ్ళీ చెప్పమన్నా వినలేదు. అన్న కూడా సరే, ఇక్కడే కోవిల్పట్టిలో కడలమిఠాయి, అదే వేరుశనగ ఉండల ప్యాకింగుకు పోనీ అన్నాడు. నాకు మనసొప్పలేదు.

నేను బడి గడప తొక్కినదాన్ని కాదు. మా నాయన ఇంట్లోనే పలక పట్టించి తెలుగూ అరవమూ నేర్పించాడు. నేర్చుకున్నది ఇంకొకరికి చెప్పి ఒప్పించాకే అన్నం. ఆయన చేసిన ఆ మేలును ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు తలుచుకుంటాను. శనివారం పెరుమాళ్ళకు దండ కడుతూ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టాను.

"నాకు అర్తమయ్యేట్టు చెప్పు. ఇంగ్లీషులో చెప్పేది తర్వాత నీ పని" అన్నాను.

దారి మార్చుకునే క్షిపణుల గురించి ఆమె చెప్పాలి. మామూలు క్షిపణి విసిరిన రాయిలా పైకి పోయి ఒకే వంపులో దిగుతుందట. రాడార్ దాన్ని చూసి, ఏ క్షణానికి ఎక్కడుంటుందో లెక్క కడితే, కింద నుంచి ఇంకో క్షిపణి ఆ చోటికే ఎదురు పోతుందట.

నాకది కొత్తగా అనిపించలేదు. చిన్నప్పుడు కయత్తారు పక్కన మా సజ్జచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పినదాన్ని. పిట్ట ఉన్న చోటికి కాదు, పోబోయే చోటికి రాయి వేయాలి. అయితే తగలకూడదు. గింజ తినే నోటిని కొట్టకండి, మళ్ళించండి అనేవాడు నాయన.

అందుకే అడిగాను: "ముందర ఒకటి పోయి పడితే అది బెదిరి తిరిగిపోదా?"

నాలుగు రోజులుగా నవ్వని పిల్ల అప్పుడు నవ్వింది. "దానికి బయమెక్కడిది అత్తా? తాకి పగలగొడితేనే ఆగేది."

"సరి, పోయే చోటు తెలిసినాక కొట్టేదానికేమి కష్టం?"

క్లాసులో ఆగిపోయింది సరిగ్గా అక్కడేనట. మళ్ళీ తల వంచుకుంది. నోటితో రాకపోతే చేత్తో చూపించమన్నాను.

లేచి వేరుశనగ ఉండ తెచ్చి, కాగితంతోనే నా వైపు మూడుసార్లు విసిరింది. మూడుసార్లూ పట్టుకున్నాను. అప్పుడు నా పూలదారం తెంచి ఉండకు కట్టి, విసిరి, మధ్యలో గుంజింది. నా చెయ్యి సరైన చోటే ఉంది. ఉండ మాత్రం పక్కకు పోయి పూలబుట్టలో పడింది.

చివరిదాకా చూస్తూ చెయ్యి జరిపితే సరిపోదా అన్నాను. అది జానెడు తిరిగితే, ఎదురుపోయేది అంతకన్నా గట్టిగా తిరగాలట, మిగిలేవి కొన్ని సెకన్లేనట. రెండు చేతులూ పెట్టాను. అట్లానే ఒక్కదానికి రెండు మూడు పంపుతారంది.

"అన్నిటికీ రెండేసి పంపితే, ఎన్ని చేతులుంటాయి అత్తా?"

ఆ ఉండ నిజంగా ఇళ్ళ మీదికి దిగితే ఆ కింద పిల్లలుంటారు గదా అనిపించింది. పెరుమాళ్ళను తలుచుకున్నాను గానీ ఆపలేదు. ఇంకా విసరమన్నాను. ఏడోసారో ఎనిమిదోసారో ఒకటి గమనించాను. గుంజిన ఉండ సత్తువ పోయి మెల్లగా పడుతోంది.

"గుంజినప్పుడంతా దాని వేగం చస్తావుండాదే."

పిల్ల నోటుపుస్తకం తీసింది. గాలిలో తిరిగే ప్రతి మలుపుకూ వేగం తగ్గుతుందని అందులో ముందే తానే రాసుకునుంది, అర్థం కాకుండా.

"అయితే తిరిగి తిరిగి అలిసినాక దొరుకుతది" అన్నాను.

"అంత సులువు కాదత్తా. దూరం నుంచే చూసుండాల. పడే చోటికి దగ్గరే కాచుకోనుండాల."

ఇక ఇంగ్లీషులోనే చెప్పమని దీపాల వేళదాకా చెప్పించాను. ఆ ఇంగ్లీషు నాకు తెలియలేదు, ఆమె చేతులు చెప్పింది తెలిసింది. ఆ రోజు దండ జానెడు కురచైంది. స్వామి ఏమీ అనుకోలేదనే నా నమ్మకం.

సోమవారం దారం కట్టిన ఉండను సంచిలో వేసుకుని బస్సెక్కింది. సాయంత్రం వచ్చి, టీచరమ్మనే పట్టుకోమన్నాననీ, ఆమె రెండుసార్లు తప్పిందనీ, క్లాసంతా నవ్విందనీ చెప్పింది. వెనుక బెంచీ నుంచి ఒకరు, అయితే దాన్ని ఎవరూ ఆపలేరా అని అడిగారట. కాగితం చూడకుండా జవాబు చెప్పిందట. ఆపడం కష్టమే, కానీ తిరిగే ప్రతిసారీ అదీ ఏదో ఒకటి పోగొట్టుకుంటుంది అని.

అన్న వింటూనే సంచిలోంచి ఉండ తీసి, దారం విప్పి, కాగితం ఒలిచి సగం కొరికాడు. నలిగిపోయింది గానీ రుచి పోలేదన్నాడు.

"రేపు ఎన్ని గంటలకు బస్సు?" అని అడిగాడు.

"ఎనిమిదికి నాయనా" అంది పిల్ల. నేను లేచి దీపం పెట్టాను.