బాలనర్సమ్మ కోళ్లకు ఎర్ర రంగు

మా పక్కింటి బాలనర్సమ్మ మొండిది. గరిడేపల్లి చుట్టుపక్కల ముప్పై ఏళ్లు నాట్లేసింది. నాకు నారు పట్టుకోవడం నేర్పింది కూడా ఆమే, తిట్లతో సహా. ఇప్పుడు మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. బురదలో దిగితే ఎవరో ఒకరు చెయ్యి పట్టి లేపాలి. మిర్యాలగూడ దవాఖానలో ఇక పొలం పని మానుకోమన్నారు. ఒంటరి మనిషి, మానుకుని ఏం తినాలి? ఉన్న నాలుగు పెట్టలూ ముసలివి, గుడ్డు పెట్టడమే మరిచాయి. అందుకే నేరేడుచర్ల అంగడిలో నెలన్నర వయసు కోడిపిల్లల్ని పన్నెండు తెచ్చుకుంది. అవి పెరిగి గుడ్లకొస్తే ఇంటిపట్టున ఉండి బతుకుతుంది. లేదంటే మళ్లీ బురదే.

పాత పెట్టలు కొత్త పిల్లల్ని రానివ్వవు, పొడిచి చంపుతాయి. అది తెలిసే పదిహేను రోజులు పిల్లల్ని వాకిట్లో గంప కింద ఉంచి, పెట్టలకు ఆ గంప చుట్టూనే నూకలు చల్లింది. ఈలోగా కొత్త గూడు కట్టించింది. పాత గూట్లో అయితే పెట్టలు పెత్తనం చేస్తాయట, కొత్త దాంట్లో అందరూ కొత్తవాళ్లేనట. ఒక సాయంత్రం అన్నిటినీ ఒకేసారి లోపలికి తోలింది.

తెల్లారి నన్ను కేకేసి పిలిచింది. "సూడు బిడ్డా, ఒక్కటి గూడ పొడవలే!"

నిజమే. పిల్లల పక్కనే పెట్టలు కునుకుతున్నాయి. నాలుగు రోజులు ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ సంబురం చూసి నాకు కడుపు నిండింది.

ఐదో రోజు పొద్దున్నే వాకిట్లోంచి గద్ద ఒక పిల్లను తన్నుకుపోయింది. దానికి మా దగ్గర అందరూ చేసేది ఒకటే, పిల్లలకు రంగు పూస్తారు. రంగు చూసి గద్ద బెదురుతుందని. బతుకమ్మకు గునుగు పూలకు అద్దగా మిగిలిన ఎర్ర రంగు పొట్లం నా దగ్గరుంటే నేనే తెచ్చిచ్చాను. ఇద్దరం నవ్వుకుంటూ పదకొండు పిల్లలకూ మెడా వీపూ పూశాం.

"పెండ్లికూతుర్లోలె ఉన్నయ్" అని మురిసిపోయి, తడి ఆరకముందే పెట్టలున్న గూట్లోకి వదిలి తలుపేసింది.

నేను ఇంటికొచ్చి బియ్యం కడుగుతున్నానో లేదో అరుపులు. పెట్టలు వాటిని గుర్తు పట్టలేదు. పైగా వంటి మీద ఎరుపు. ఎరుపు కనబడితే నెత్తురనుకుని కోడి పొడుస్తూనే ఉంటుంది. ఈ సంగతి మా ఇద్దరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు. మా బుద్ధి గడ్డి తిన్నది, ఇంకేం చెప్పను. గద్ద తప్ప మాకింకేమీ కనబడలేదు.

ఆమె ఆ మోకాళ్లతో వంగి గూటి తలుపు తీయలేక ఏడుస్తోంది. నేను ఉరికి తీసేసరికి ఏది రంగో ఏది నెత్తురో తెలియలేదు. పది చచ్చాయి. మిగిలిన ఒక్కదాన్నీ ఒళ్లో పెట్టుకుని సబ్బుతో కడిగింది. రంగు పోలేదు, మధ్యాహ్నానికి అదీ పోయింది.

"తప్పు నాదే పెద్దమ్మా, రంగు తెచ్చింది నేనే" అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నేను గూడ పూసిన గద బిడ్డా" అంది మెల్లగా. ఒళ్లోంచి పిల్లను దించి, గోడ పట్టుకుని లేచింది. తర్వాత అడిగింది.

"రేపు నాట్లకు ఆటో ఎన్నింటికొస్తది?"

"ఆరింటికి" అని చెప్పాను.