పాప పేరు వచ్చే చోట

నేను హైదరాబాద్ హోటళ్లలో జాజ్ పాడతాను. పాటలు నేనే కట్టుకుంటాను. ముందు బాణీ, తర్వాతే మాటలు.

ఆ రోజు రావులపాలెంలో అమలాపురం బస్సెక్కితే, పక్క సీట్లో ఒకావిడ ఫోను నోటి దగ్గర పెట్టుకుని జోలపాట రికార్డు చేసుకుంటోంది. ప్రతి చరణం చివరా కూతురి పేరు. ఆ పేరును మాత్రం తాళం దాటనిచ్చి, కాస్త ఆలస్యంగా అందుకుంటోంది. అలా పాడటానికి నాకు పదేళ్ల సాధన పట్టింది.

నేను వింటున్నానని గమనించి సిగ్గుపడింది.

"ఎల్లుండి కువైట్ వెళ్లిపోతన్నానండి. పాప దగ్గర నా గొంతైనా ఉండాలి కదండీ. ఇంట్లో పాడితే ఏడుపొచ్చేత్తందండి."

"పాట ఎవరు కట్టారండీ?"

"నేనేనండి, దాని కోసమే. మీరూ పాడతారాండీ?"

"లేదండి" అన్నాను. అప్పటికే ఆ బాణీని మనసులో రాసేసుకుంటున్నాను.

ఆవిడ కొత్తపేటలో దిగిపోయింది.

ఇప్పుడది నా పాటల్లోకెల్లా పేరున్న పాట. మాటలు మార్చుకున్నాను. బాణీ ఎవరిదని అడిగితే నాదేనంటాను. అందులో ప్రతి మలుపూ గుర్తుంది గానీ, పాప పేరే గుర్తు లేదు. అది రావలసిన చోట అర్థంలేని అక్షరాలేవో పాడి దాటేస్తాను.

చప్పట్లు సరిగ్గా అక్కడే పడతాయి.