ఎనిమిది నవలల రచయిత్రి

ఆ రోజుల్లో న్యూజెర్సీలోని పార్సిప్పనీ మొత్తం మీద పుస్తకం చదివే తెలుగు మనిషిని నేనొక్కదాన్నేనని నాకు గట్టి నమ్మకం. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందుగా హాల్లో పుస్తకాల అల్మరా ఉందేమోనని చూసేదాన్ని. ఉండేది కాదు. (ఒకవేళ ఉన్నా అందులో పిల్లల ట్రోఫీలూ, తిరుపతి నుంచి తెచ్చిన వెంకటేశ్వరస్వామీ కాపురం ఉండేవాళ్ళు.) అప్పుడు పెదవి విరిచి, వాళ్ళ గుత్తివంకాయ కూర రెండోసారి వడ్డించుకునేదాన్ని. పెదవి విరవడానికీ వంకాయ నమలడానికీ నాకు ఒక్క నోరే సరిపోయేది.

అప్పుడు నేను బెంచి మీద ఉన్నాను. అంటే ఉద్యోగం ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. మమ్మల్ని ఏదో ఒక కంపెనీలో ప్రాజెక్టుకి పంపించే బాధ్యత మా కన్సల్టెన్సీది. ప్రాజెక్టు దొరికేదాకా గెస్ట్‌హౌస్ అనే ఒక ఇరుకు అపార్ట్‌మెంట్‌లో నన్నూ ఇంకో నలుగురు అమ్మాయిల్నీ ఉంచి, "మార్కెటింగ్ జరుగుతోందమ్మా" అంటూ ఉండేవాళ్ళు. కారు లేని నాకు నడిచి వెళ్ళగలిగిన చోటు లైబ్రరీ ఒక్కటే. నేను చెప్పబోయే రచయిత్రి నవల నాకు దొరికింది అక్కడే. ఆవిడ రాసేది స్పానిష్‌లో, నేను చదివింది ఇంగ్లీషు అనువాదం. దక్షిణ అమెరికాలో ఒక రేవు పట్నంలో పుట్టిందనీ, వాళ్ళమ్మ ఉప్పు మళ్ళలో కూలికి వెళ్ళేదనీ, తను ఒక పత్రికాఫీసులో చావు కబుర్లు టైపు చేస్తూ రాయడం నేర్చుకుందనీ వెనక అట్ట మీద ఉంది. అప్పటికి రాసినవి మూడే నవలలు. మొదటి నవల చివర, ఉప్పు మళ్ళలో పనిచేసే తల్లి ఒక తెల్లవారుజామున గంపా పారా గట్టు మీద పెట్టేసి సముద్రం వైపు నడిచిపోతుంది. చావడానికా, పడవెక్కడానికా? రచయిత్రి చెప్పదు. మా అమ్మమ్మది చినగంజాం. ఉప్పు కొటార్ల పక్కన పెరిగినదాన్ని, ఆ ప్రశ్న నన్ను పట్టుకుని వదల్లేదు. ఆవిడ ఎప్పుడైనా కనిపిస్తే అడగాలి. అడిగినప్పుడు ఆవిడ నా కళ్ళలోకి చూసి, 'ఇన్నాళ్ళకి నన్ను చదివిన మనిషి దొరికింది' అనుకోవాలి. నిజం చెప్పొద్దూ, జవాబు కన్నా నాకు ఆ చూపే ముఖ్యం.

నా అదృష్టం కొద్దీ ఆ చలికాలం ఆవిడ మా దగ్గర్లోని ఒక కాలేజీలో పాఠాలు చెప్పడానికి వచ్చింది. లైబ్రరీలో ఆవిడ ప్రసంగం అన్నారు. నా దురదృష్టం కొద్దీ అదే మధ్యాహ్నం, అదే హాలు మా ఊరి తెలుగు సాహిత్య సంఘం బుక్ చేసుకుని ఉంది. లైబ్రేరియన్ మంచి మనిషి కాబట్టి (లోకంలో సగం అనర్థాలు మంచివాళ్ళ వల్లే) "మీదీ సాహిత్యమే కదా, కలిపి చేసుకోండి" అంది. ఆ సంఘానికి అధ్యక్షులు ఎవరనుకున్నారు? మా కన్సల్టెన్సీ యజమానే. ఊరంతా ఆయన్ని ప్రెసిడెంటుగారు అనేది. ఆయన చేతుల మీదుగా ఆవిష్కరణ జరగని తెలుగు పుస్తకం న్యూజెర్సీలో లేదు. అయితే ఆ చేతులు రిబ్బను విప్పడంతోనే ఆగిపోయేవి, పేజీ తిప్పడం దాకా ఎప్పుడూ వెళ్ళలేదు.

బెంచి మీద ఖాళీగా ఉన్నాను కనక రచయిత్రి పరిచయం రాసే పని నాకే పడింది. పొంగిపోయాను. రెండు రోజులు కూచుని, ఆవిడ జీవితమూ నవలలూ కలిపి ఒక పేజీలోకి కుదించి, ప్రతి వాక్యాన్నీ సానబెట్టి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చదివారు.

"మూడు నవలలేనా?"

"మూడే సర్."

"వయసెంత ఆవిడకి? యాభై ఉండవూ? యాభై ఏళ్ళకి మూడంటే గ్యాప్ కనిపిస్తుందమ్మా. మధ్యలో ఏం చేసిందని అడుగుతారు."

"ఎవరడుగుతారు సర్? నవలలు కదా..."

"ఏ ప్రొఫైలైనా ప్రొఫైలే. ఎనిమిది చెయ్యి. ఈ చావు కబుర్లు టైపింగ్ తీసెయ్, జూనియర్ రోల్‌లా ఉంది. సీనియర్ ఎడిటర్ అని పెట్టు. ఉప్పు కూలీ ఏంటి? ఫ్యామిలీ బిజినెస్, సాల్ట్ మాన్యుఫాక్చరింగ్ అని రాయి."

"సర్, అది అబద్ధం కదా!"

ఆయన నా వంక జాలిగా చూశారు. "అబద్ధం ఏంటమ్మా? నీకు రెండేళ్ళ అనుభవం ఉంటే రెజ్యూమేలో ఏడేళ్ళు చేశాం. అది అబద్ధమా? నువ్వు ఆ పని చెయ్యలేవా? చెయ్యగలవు. అంతే, ముందు కాగితం మీద పెడతాం, తర్వాత మనిషి ఆ హైట్‌కి పెరుగుతుంది."

గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన అని పళ్ళు నూరుకుంటూ బయటికొచ్చాను. ఎదురు చెప్పే ధైర్యం ఎక్కడిది? నా ఏడేళ్ళ అనుభవం ఆ క్షణాన కూడా ఏదో ఒక క్లయింటు టేబుల్ మీద ఉంది. ఎనిమిది చేశాను.

ఇక సభ. లైబ్రరీలో నిప్పు వెలిగించకూడదన్నారు కనక జ్యోతి ప్రజ్వలన బ్యాటరీ దీపాలతో జరిగింది. ఆవిడ బూట్లు విప్పించి, ఒక్కొక్క స్విచ్చీ నొక్కిస్తుంటే వెనక నుంచి ఇద్దరు చిన్నపిల్లలు అమెరికన్ యాసలో వినాయకుణ్ణి పిలిచారు. శాలువా, జ్ఞాపిక, కుంకుమ ఉన్న పళ్ళెం పట్టుకుని వేదిక పక్కన నిలబడే డ్యూటీ నాది. ప్రెసిడెంటుగారు మైకు అందుకున్నారు. "ఎయిట్ నావెల్స్! ఎండ్ టు ఎండ్ స్టోరీ డెవలప్‌మెంట్! హ్యాండ్స్ ఆన్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ ఆల్ ఎమోషన్స్!" అని మొదలుపెట్టి, తెలుగు భాష గొప్పదనం మీదుగా తమ సంఘ సేవల్లోకి దిగి, అక్కడే స్థిరపడిపోయారు. ఆయన తర్వాత ఉపాధ్యక్షుడు, ఆయన తర్వాత కోశాధికారి, ఆయన తర్వాత సభకి సమోసాలు స్పాన్సర్ చేసిన, ఇళ్ళు అమ్మిపెట్టే రియల్టరు. ఒక్కరంటే ఒక్కరు ఆవిడ రాసిన ఒక్క వాక్యం చదివిన పాపాన పోలేదు. ఆవిడ మాత్రం ఆ ముదురాకుపచ్చ శాలువా మెడ చుట్టూ కప్పుకుని, దారి తప్పి వేరేవాళ్ళ పెళ్ళికొచ్చిన చుట్టంలా, అన్నీ ఆసక్తిగా చూస్తూ కూచుంది.

చివరికి మైకు ఆవిడ చేతికొచ్చేసరికి లైబ్రరీ మూసేవేళైంది. ఆవిడ ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నది ఇంతే. "నాకు మూడు నవలలే గుర్తున్నాయి. మిగతా అయిదూ ఎక్కడ పెట్టానో ఇంటికెళ్ళి వెతుక్కోవాలి." హాలంతా చప్పట్లు. నా పక్కనున్నాయన "చూశారా, ఎంత వినయమో!" అన్నాడు. ఆ పళ్ళెం ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది.

జనం లేచి సమోసాల మీద పడ్డారు. ఇదే అదను అనుకుని నేను పళ్ళెంతో సహా ఆవిడ వైపు నడిచాను. అప్పటికే ప్రెసిడెంటుగారి భార్య (మేం ఆంటీ అనేవాళ్ళం, వరంగల్ మనిషి) పులిహోర ప్లేటు ఆవిడ చేతిలో పెట్టి పక్కన కుర్చీలో కూచుంది. "పాపం, సన్నగున్నది. ఏం తింటదో ఏమో" అని నాతో అని, ఆవిడ వైపు తిరిగి, "యువర్ మదర్, ఈజ్ షీ దేర్?" అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. అంతటి రచయిత్రిని పట్టుకుని అమ్మ ఉందా, నాన్న ఉన్నాడా అని పేరంటాల ప్రశ్నలా! నా ప్రశ్న ఇలాంటి గుంపులో అడిగేది కాదని, నాలుగడుగులు వెనక్కి తగ్గి, గోడకానుకుని మూతి ముడుచుకుని నిలబడ్డాను. ఆవిడ చేత్తో పులిహోర తింటూ ఆంటీకి ఏదో చాలాసేపు చెప్పింది. ఒకసారి నవ్వింది, ఒకసారి కళ్ళు తుడుచుకుంది. (పులిహోరలో మిరపకాయ అనుకున్నాను.) ఇంతలో లైట్లు ఆర్పేశారు. ఆవిడ వెళ్ళిపోయింది. నా ప్రశ్న పళ్ళెంలో కుంకుమ పక్కనే ఉండిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు వాళ్ళ కార్‌లో ఆంటీ "ఆ మేడమ్ వాళ్లమ్మ ముచ్చట చెప్పిందమ్మా..." అని మొదలుపెట్టింది. నేను తల నొప్పిగా ఉందని కళ్ళు మూసుకున్నాను.

తర్వాత నాకు ప్రాజెక్టు వచ్చింది, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. కాగితం మీద పెట్టిన ఏడేళ్ళూ ఎప్పుడో దాటిపోయాయి. ఈ మధ్య ఆవిడ కొత్త నవల అనువాదం తెప్పించుకున్నాను. వెనక అట్ట మీద 'ఇది ఈ రచయిత్రి ఎనిమిదవ నవల' అని చూసి గబగబా పేజీలు తిప్పాను. లోపల ఒక అధ్యాయం నిండా మంచు కురిసే ఊరు, స్విచ్చితో వెలిగే దీపాలు, ఆకుపచ్చ శాలువా. తనకి అయిదు నవలలు ముందుగానే అప్పిచ్చిన పెద్దమనిషి. తన పుస్తకాలు తెలియకపోయినా తన తల్లి గురించి అడిగిన పసుపు అన్నం ఆవిడ. ఆ తర్వాత నేను. 'గోడ దగ్గర ఒక అమ్మాయి నిలబడి ఉంది. అన్నంలో రాయి తగిలినట్టు అందరినీ చూస్తోంది. ఆ గదిలో నన్ను చదివింది ఆ పిల్ల ఒక్కతేనని నాకు తెలిసిపోయింది. అందుకే భయపడి, ఆ పిల్లతో నేను మాట్లాడలేదు.'

నేను కోరుకున్న చూపుతోనే ఆవిడ నన్ను చూసిందన్నమాట. నేనే గమనించలేదు. సిగ్గూ నవ్వూ కలిసి ముంచుకొచ్చాయి. వెంటనే ఆంటీకి ఫోన్ చేసి ఎనిమిదో నవల సంగతి చెప్పాను.

"ఆంటీ, ఆ రోజు ఆవిడ వాళ్ళమ్మ గురించి ఏం చెప్పింది?"

"అప్పుడే చెప్తనంటే నువ్వు కండ్లు మూసుకున్నవ్ గదా బిడ్డా! వాళ్లమ్మ పొద్దుగాల్నే పనిల నుంచి చెప్పకుండ పోయిందట. పడవెక్కిందట. ఆర్నెల్లకు మళ్లొచ్చి, ఏం గానట్టు చేపల కూర వండిందట. ఎటువోయినవని ఈమె అడగలేదట, ఆమె చెప్పలేదట. గదంత చెప్పుకుంట ఏడ్చింది."

వెనక నుంచి ప్రెసిడెంటుగారి గొంతు వినిపించింది. "ఎవరూ, స్పానిష్ మేడమా? ఎనిమిది పూర్తి చేసిందా? నేను అప్పుడే చెప్పానా లేదా!"

మొన్న మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళలో ఒక కొత్తమ్మాయి ఉంది, ఇంకా ప్రాజెక్టు దొరకలేదట. హాల్లో అల్మరా వైపు చూసి పెదవి విరిచింది. (పుస్తకాలు వెనక వరసలో ఉన్నాయి, ముందు పిల్లల ట్రోఫీలు.) ఆ పెదవిని నేనెక్కడున్నా గుర్తుపడతాను. గుత్తివంకాయ ఇంకో రెండు వడ్డించి, పక్కన కూచుని, "అమ్మ ఎలా ఉన్నారమ్మా?" అని అడిగాను.