క్వారీ డొంకలో జీపు, గుంజకు కట్టిన ఎర్ర చీర

పొన్నూరులో వడ్ల వ్యాపారం చేసే మిత్రుడొకాయన కొత్త ఇంట్లో నల్ల గ్రానైట్ పరిచి, ఆ రాయి వచ్చే చీమకుర్తి వైపు కొండలన్నీ కంపెనీలవేననీ, అక్కడ నీకూ నాకూ నడిచే దారి కూడా లేదనీ అన్నాడు. పైగా తృప్తిగా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. డొంక అంటే పొలాల మధ్య నుంచి బండ్లూ పశువులూ పోయే ఊరి దారి. రెవెన్యూ పటంలో ఉన్న డొంక ఎవరి లీజులోనూ కలవదు, అది అందరిదీ. ఈ మాట ఇరవై ఏళ్ళుగా వ్యాసాల్లో రాస్తున్నాను. రాయడం సరే, ఎప్పుడన్నా ఎక్కి చూశావా అని అడిగాడాయన. చూడలేదు. అందుకే బయల్దేరాను.

ఫిబ్రవరి రెండో వారం. నిడుబ్రోలులో పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కితే ఎనిమిదిన్నరకల్లా ఒంగోలు. స్టేషన్ బయట దోసె తిని, ముందే ఫోన్లో మాట్లాడుకున్న ఫోర్ వీల్ జీపు దగ్గరికి వెళ్ళాను. రోజుకి నాలుగు వేలు, డీజిల్ మనదే. డ్రైవర్ లేకుండా ఇవ్వరు. యజమానీ డ్రైవరూ ఒకడే, ఖాదర్ వలీ, నలభై దాటిన మనిషి. ఇంటికి అన్నం పెట్టేది ఆ ఒక్క జీపేనట. సీటు కింద తాడు, పార, రెండు చెక్క పలకలు చూపించి, "ఇవి ఉంటే సగం దేవుడున్నట్టే సార్" అన్నాడు. దేవుడి విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి గానీ, పలకల విషయంలో ఏమీ లేవు. జీపెక్కాను.

కర్నూలు రోడ్డులో చీమకుర్తి దాకా ముప్పావు గంట, గ్రానైట్ దిమ్మెలు మోసే లారీ వెనక పడితే గంట. అక్కడి నుంచి ఏ వైపు తిరిగామో చెప్పను, కారణం మీకే తెలుస్తుంది. తారు రోడ్డు అయిపోయాక రెండు పక్కలా మిరప చేలు. కళ్ళాల్లో ఆరబోసిన కాయ ఘాటుకి ఖాదర్ మూతికి తువ్వాలు చుట్టుకున్నాడు. ప్రతి చేను చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి. గాలికి ఊగే రంగుల్ని చూసి అడవి పందులు మనుషులనుకుని రావట. పంట పోతే ఆదుకునే నాథుడు లేనప్పుడు రైతు చేనుకి పెళ్ళాం చీర కట్టక ఇంకేం చేస్తాడు?

ఇక్కడ కొండలు రెండు రకాలు, పుట్టినవీ పోసినవీ. పనికిరాని రాయిని తవ్వి పోసి పోసి, పుట్టిన కొండ కంటే ఎత్తు చేశారు. ఆ రెంటి మధ్య నుంచి డొంక పైకి పోతోంది. ఉంది! జీపు లో గేర్లో మూలుగుతూ ఎక్కుతుంటే మిత్రుడికి ఫొటోలు పంపాను, కొంచెం పొగరుగానే.

పన్నెండున్నరకి ఒక మలుపులో ఖాదర్ బ్రేక్ వేశాడు. పక్కన గుంజకి ఎర్ర చీర పేలిక కట్టి ఉంది. ఇదేంటి ఇక్కడ అన్నాడు. పైన ఎవరిదో చేనుంటుంది, పందుల కోసం కట్టారన్నాను. మిషన్ల చప్పుడు కూడా లేదు సార్, వెనక్కి పోదాం అన్నాడు. అన్నాల వేళ కాబట్టి లేదన్నాను. అక్కడితో ఆగానా? ప్రజల దారి మీద ఉపన్యాసం ఇచ్చాను. అతను విసిగిపోయి గేరు వేశాడు. వంద గజాలు పోయామో లేదో, రాయి కోసిన నీళ్ళ బురదలో, పెరుగులాంటి బురదలో, వెనక చక్రం దిగబడింది.

అప్పుడు వినపడింది ఈల. పైనుంచి పసుప్పచ్చ కోటు వేసుకున్న ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. కోటమ్మ అందాం. డొంక రెండు కొసలకీ కాపలా ఆమె ఒక్కతే. మేం జెండా దాటినప్పుడు అవతలి కొసన మేకల వాళ్ళను వెనక్కి పంపుతోందట.

"ఏమయ్యా, జెండా దాటి వచ్చావే. లోపల రాయి పేల్చే మందు పెట్టి ఉంది."

"పందులకి కట్టిన చీర అనుకున్నానమ్మా."

"పందులకైతే చేను చుట్టూ కడతారు. డొంకలో ఒక్క గుంజకి కడతారా? చదువుకున్నోడివేనా నువ్వు?"

జీపు వదిలేసి పరుగెడదాం అన్నాను. ఖాదర్ బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కోటమ్మ అతని వైపు చూసింది.

"బండి నీదేనా అబ్బాయ్?"

"నాదే అక్కా."

ఆమె కోటు జేబులోంచి ఫోన్ తీసింది. డొంక 'ఖాళీ' అని ఆమె చెబితేనే కింద క్వారీ గుంటలో పేల్చాలి. అవతలి గొంతు అరుపులు మాకూ వినిపిస్తున్నాయి.

"బండి కదిలిందాకా నా నోట ఖాళీ అనే మాట రాదు. నువ్వెంత అరిచినా అంతే."

ఫోన్ పెట్టేసి పార అందుకుంది. నేనూ ఖాదరూ పలకలు తోశాం. పదకొండు నిమిషాలకి చక్రం పలక ఎక్కింది. ఆమెను కూడా ఎక్కించుకుని కిందికొచ్చి, ఒక పోసిన కొండ చాటున ఆగాం. ఆమె ఫోన్లో ఆ ఒక్క మాట చెప్పింది. నేల కడుపులో గుద్దినట్టయింది. కాసేపటికి దుమ్ము మా మీదుగా పోయింది. ఖాదర్ నవ్వడం మొదలుపెట్టాడు, నాకూ ఆగలేదు. అంత తేలికగా ఊపిరి పీల్చి ఎన్నేళ్ళయిందో.

అసలు చీరెందుకు కట్టావని అడిగితే, ఇచ్చిన జెండా ఎండకి తెల్లబడిపోయిందనీ, కొత్తది అడిగీ అడిగీ చివరికి తన చీరే చింపాననీ చెప్పింది. కొండని కోసి ఓడలకెత్తే వాళ్ళకి గజం గుడ్డ దొరకలేదు! ఇప్పుడే ఆఫీసుకి పోయి కడిగేస్తానన్నాను.

"నువ్వు అరిచి రైలెక్కుతావు. రేపు నన్ను పన్లోకి రావద్దంటారు. ముందు నీ తప్పు నువ్వు ఒప్పుకో."

ఒప్పుకున్నాను, ఇద్దరి ముందూ. ఆమె పని పోకూడదనే ఇక్కడ ఊరి పేరు లేదు, ఆమె అసలు పేరూ లేదు. మండలంలో క్వారీల పక్కన పోయే డొంకలన్నిటికీ జెండాలు, రెండు కొసలా మనుషులు కావాలని మాత్రం అర్జీ పెట్టాను. వేలు ఎవరి వైపూ చూపకుండా రాయడం నాకు అలవాటు లేని పని, మూడు సార్లు తిరగరాశాను. డొంక ప్రజలదేనన్న మాట మీద ఇప్పటికీ నిలబడతాను. నిలబడడానికి కాళ్ళు మిగిలింది మాత్రం, పై వాళ్ళు తిడుతుంటే పదకొండు నిమిషాలు లొంగని ఒక మనిషి వల్ల.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. పైకెక్కే ముందు కింద టీ కొట్టులో ఆ రోజు పేల్చే వేళ కనుక్కోండి. దారిలో డ్రైవర్ వెనక్కి పోదామంటే పోండి. వాదన ఒంగోలు వచ్చాక పెట్టుకోవచ్చు.