ఒక బోరుకు ఒక ఫైలు

ఈ ఉదయం మా ఆఫీసులో పాత కంప్యూటర్ మూత విప్పగానే కాలిన దుమ్ము వాసన ముక్కుకు తగిలింది. దాంతోపాటే మొయిన్ సాబ్ మీద నా పాత విసుగంతా తిరిగొచ్చింది. తొంభైల్లో నల్లగొండలో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పరీక్షించే చిన్న కేంద్రానికి ఆయన అధికారి. ఫలితాలను యూనిక్స్ అనే వ్యవస్థతో నడిచే కంప్యూటర్‌లో ఎక్కించడం నా మొదటి ఉద్యోగం. ఆ నీళ్లు తాగి పిల్లల పళ్లు గారపట్టి, కాళ్లు వంకరపోతున్న ఊళ్లు మా చుట్టూ ఎన్నో.

ఒక్కో బోరు వివరం నాలుగు వరుసలకు మించదు. అన్నీ ఒకే ఫైల్లో రాసుకుంటే సరిపోయేది. ఆయన బోరుకొక ఫైలు కావాలన్నారు. ఫైళ్లు వేలకు చేరాయి. జాబితా చూపమని కంప్యూటర్‌ను అడిగి, చాయ్ తాగి వచ్చినా తెర ఖాళీగానే ఉండేది.

“సార్, అన్నీ ఒక్క ఫైల్ల పెడ్త. గిట్లయితే మెషీన్ సతాయిస్తాంది,” అన్నాను.

“గా ఒక్కటి చెడితే అన్ని ఊర్లు పోతయ్ బిడ్డా. జర ఓపిక పట్టు.”

ఒకరోజు కొత్త ఫలితం ఎక్కిస్తుంటే జాగా లేదంది యూనిక్స్. చూస్తే డిస్కు సగం ఖాళీ. ఎంత చిన్న ఫైలుకైనా డిస్కులో ఒక గుర్తింపు గడి కావాలి. ఆ గడులు ఎన్నో ముందే నిర్ణయమై ఉంటాయి, అవే అయిపోయాయి. ఇప్పుడైనా దిగివస్తారనుకున్నాను. గడులు పెంచే దారి లేదా అని అడిగారు. అంతా టేపుకెక్కించి, డిస్కు తుడిచి, కొత్తగా సిద్ధం చేసి, మళ్లీ దించుకోవాలని చెప్పాను.

“అయితే గదే చెయ్యి.”

పళ్లు కొరుక్కుంటూ చేశాను.

ఆ ఎండాకాలం, నకిరేకల్ దగ్గరి ఒక బడి ముందున్న బోరు ఫలితం ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. తిరిగొచ్చాక ఆ ఫైలు ఖాళీ. ఫలితం రాసిన కాగితం ఈలోపే హైదరాబాదు ఆఫీసుకు పోయింది, నకలు రావడానికి వారాలు పడుతుంది. అంకె ఎవరికీ గుర్తులేదు.

“గన్ని దినాలు పిల్లలు ఏం నీళ్లు తాగుతరు?” అని మొయిన్ సాబ్ సీసా పట్టుకుని తానే జీపెక్కారు. మళ్లీ పరీక్షిస్తే ఫ్లోరైడ్ విపరీతంగా ఉంది. మర్నాడే దగ్గరుండి ఆ బోరింగ్ పిడి ఊడదీయించి, బడికి ట్యాంకర్ నీళ్లు ఏర్పాటు చేయించారు.

“చూసినవా, ఒక్కటే పోయింది,” అన్నారు తిరిగొచ్చి.

“ఒకే ఫైలైనా, దినాం నకలు తీసే టేపుల నిన్నటిదాంక ఉండె కద సార్. అప్పుడు సుత గిదొక్కటే పోతుండె.”

ఆయన వినిపించుకోలేదు.

ఫైళ్ల విషయంలో ఆయనది మొండితనమేనని ఇప్పటికీ అంటాను. కానీ ఆయన సీసాతో జీపెక్కిన ఆ రోజు నుంచి, ఏ వరుస ఎక్కిస్తున్నా, ఇది తప్పయితే ఎవరికి నష్టమని ఆలోచించనిదే నా చెయ్యి కదలదు. పని ఆలస్యమవుతుంది. నా కింద పనిచేసేవాళ్లు ఇప్పుడు నా మీద విసుక్కుంటారు.