ఎలుకకు టిక్కెట్టు

ఆ రోజుల్లో పక్కింటివాళ్ళతో తగాదా పడాలంటే మనిషి గోడ దాకా స్వయంగా నడిచి వెళ్ళాలి, ఎదుటివాడి ముఖం చూడాలి, చూసి వరస కలిపి మరీ దెప్పాలి. ఇప్పుడు మా వీధికి ఫోనులో ఒక గ్రూపు ఉంది. తెల్లవారేసరికి అందులో ఎవరో ఒకరు ‘దయచేసి కుక్కలను కట్టేసుకోగలరు’ అని పెడతారు. దాని కింద మిగతావాళ్ళంతా దణ్ణం బొమ్మలు పెడతారు. కుక్క ఎవరిదో, కోపం ఎవరి మీదో చివరిదాకా తేలదు. దీన్ని తగాదా అంటే నేను ఒప్పుకోను. తగాదా అంటే ఏమిటో తెలియాలంటే మీరు మా జగ్గయ్యపేటలో, మా అమ్మకూ ఈల మాస్టారికీ మధ్య ఉన్న ఆ నడుమెత్తు గోడ దగ్గర నిలబడి ఉండాల్సింది.

ఈల మాస్టారంటే మా పక్కింటాయన. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. బడి ఆయన్ని వదిలింది గానీ మెడలో ఈల మాత్రం వదల్లేదు. జామచెట్టుకు నీళ్ళు పోసేటప్పుడు కూడా నీలిమందు పెట్టి ఉతికిన తెల్ల ప్యాంటూ తెల్ల చొక్కాయే. మా అమ్మకు కోళ్ళుండేవి. మా వీధిలో కోళ్ళున్న ప్రతి ఇంటికీ ఒక రంగుండేది. ఆ రంగు రెక్కలకు పూసి వదిలేవాళ్ళు. సాయంత్రం ఒకరి కోడి ఇంకొకరి గంప కింద దూరినా రంగు చూసి తెచ్చుకోవచ్చు. మాది గులాబి రంగు. మా గులాబి రెక్కల కోళ్ళు గోడ దూకి మాస్టారి జామచెట్టు పాదంతా గీకేవి. ఆయన తరమడానికి ఈల ఊదేవారు. ఈల వినపడగానే మా అమ్మ ‘అటు పోయినట్టున్నాయి’ అనుకుంటూ నూకల చేట పట్టుకొచ్చి పిలిచేది. కొన్నాళ్ళకు కోళ్ళకు ఒక సంగతి బోధపడింది. ఈల మోగితే నూకలు పడతాయి. ఇక అప్పటినుంచి మాస్టారు ఈల ఊదితే చాలు, ఎక్కడెక్కడి కోళ్ళూ పరుగెత్తుకొచ్చి ఆయన ముందు వరసగా నిలబడేవి. (ఉద్యోగం చేసినన్నాళ్ళూ పిల్లలు ఆయన ఈలకు అంత చక్కగా నిలబడలేదని నేను ఎక్కడైనా చెబుతాను. ఆ పిల్లల్లో నేనూ ఒకణ్ణి, ఏడో తరగతి దాకా.)

కోళ్ళతో మొదలైన గొడవ ఎలుకల దగ్గర ముదిరింది. కోళ్ళకు చల్లే నూకల కోసం ఎలుకలు చేరుతున్నాయనీ, అవి తన కాన్వాసు బూట్లు కొరుకుతున్నాయనీ మాస్టారి వాదన. ఎలుకలు కాపురముండేది మాస్టారి అటక మీదేననీ, అక్కణ్ణించి దిగొచ్చి తన కోడిపిల్లల్ని లాక్కుపోతున్నాయనీ అమ్మ వాదన.

"చెల్లెమ్మా, నీ కోళ్ళు లేకపోతే ఈ ఎలుకలు లేవు."

"అన్నయ్యగారూ, మీ అటక లేకపోతే నా కోళ్ళు ఇంకా బోలెడుండేవి."

రెండిళ్ళలోనూ ఎలుకల బోన్లున్నాయి. పడిన ఎలుకను చంపేవాళ్ళు మాత్రం లేరు. వినాయకుడి వాహనమని మాస్టారు చంపరు. ఒకదాన్ని చంపితే మిగతావి పగబట్టి చీరలన్నీ కొరుకుతాయని అమ్మ చంపనివ్వదు. మరి పడినవి ఏమవుతున్నాయంటే, "దూరంగా వదిలేసాం" అని రెండిళ్ళవాళ్ళూ చెప్పేవాళ్ళు. ఎంత దూరమో ఎవరూ చెప్పేవాళ్ళు కాదు.

చివరికి మాస్టారు పంచాయతీకి అర్జీ పెట్టారు. మాకు నోటీసు వచ్చింది. కోళ్ళ వల్ల ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలుగుతున్నది గనుక వాటిని తీసివెయ్యాలి, లేదా శానిటరీ ఇన్‌స్పెక్టరుగారు సోమవారం విచారణకు వచ్చినప్పుడు కారణం చెప్పుకోవాలి. ఆ సమయానికి మా నల్లకోడి వంటింటి వెనక గంపలో పొదుగు మీద కూర్చుని ఉంది. ఎలుకలు తినగా మిగిలిన మా మందకు ఆ గుడ్లే దిక్కు.

"ఇప్పుడు దాన్ని కదిపితే మళ్ళీ గుడ్ల మీద కూర్చోదురా. అన్నీ మురిగిపోతాయి. ఆయనొచ్చి తీసెయ్యమంటే ఏం చెయ్యను?" అని అమ్మ కళ్ళు తుడుచుకుంది.

"నేను చూసుకుంటాలే" అన్నాను. ఉత్తినే అన్న మాట కాదు. నా దగ్గర చట్టం ఉంది. ఏడో తరగతిలో బడి మాన్పించాక నన్ను చిత్తుకాగితాల కొట్లో పనికి పెట్టారు. అక్కడికి తూకానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ కట్ట కట్టే ముందు చదివేవాణ్ణి. పశువైద్యం, జాతకాలు, రైళ్ళ వేళలు, ఏదైనా సరే. నా చదువంతా తూకం చదువే. అలా చేజిక్కిందే పంచాయతీ నిబంధనల పుస్తకం. దానికి అట్టా లేదు, మొదటి పేజీలు చాలా వరకూ లేవు. కాబట్టి ఆ పేజీల్లో ఉన్న నిబంధనలేవీ ఈ దేశంలో అమలులో లేవన్నది నా నిశ్చితాభిప్రాయం. (అవసరం పడితే ఇప్పటికీ అదే అంటాను.)

పుస్తకమంతా తిరగేసి ఒక నిర్ణయానికి వచ్చాను. ఎలుకలు మాస్టారి ఇంటినుంచే మా ఇంటికి వస్తున్నాయని రుజువు చేస్తే, ఇబ్బంది పెడుతున్నది ఆయన, పడుతున్నది మేము. అప్పుడు నోటీసు ఆయనకే ఇవ్వాలి. రుజువు చెయ్యడానికి ఏ ఎలుక ఏదో గుర్తు తెలియాలి. గుర్తుకు మన గులాబి రంగు ఉండనే ఉంది. ఆ వారం మా బోనులో ఎలుక పడగానే, ఊచల్లోంచి బయటికి వచ్చిన తోకను పట్టుకుని రంగులో ముంచాను. ఇక ఆ ఎలుక మాస్టారి ఇంటినుంచి మా ఇంటికి రావాలి. రావాలంటే ముందు అది మాస్టారి ఇంట్లో ఉండాలి. అందుకని గోడ కింద తూములోంచి దాన్ని అటు పంపాను. కొందరు దీన్ని ఎలుకను పక్కింట్లోకి వదలడం అంటారు. అది ఎలుకను వదలడం కాదు. సాక్ష్యాన్ని ప్రవేశపెట్టడం. ఈ తేడా అప్పుడు మా అమ్మకు తెలియలేదు, ఇప్పుడు మా ఆవిడకు తెలియడం లేదు.

ఆదివారం పొద్దున మా బోను చప్పుడైంది. వెళ్ళి చూద్దును గదా, ఊచల్లోంచి గులాబి తోక వేలాడుతోంది. నాకు కలిగిన ఆనందం చెప్పలేను. ఎవరైనా చూసి గాలి సోకితే సాక్ష్యం చెడిపోతుందేమోనని, తోక చూసింది చూసినట్టే బోను మీద గోనెసంచి కప్పేశాను. అన్నం మెతుకులు కూడా సంచి కిందనుంచే తోశాను.

సోమవారం ఇన్‌స్పెక్టరుగారు సైకిలు మీద వచ్చారు. గోడకు అటు మాస్టారు, ఇటు మేము, మా వెనక వీధంతా. నేను గొంతు సవరించుకుని, మా పెరట్లో పట్టుబడిన ఈ ఎలుక మాస్టారి ఇంటినుంచి వచ్చినదేనని రుజువు చేస్తున్నానండి అని చెప్పి గోనె లాగాను.

తోక గులాబి రంగు. అంతవరకూ బాగానే ఉంది. మెడ నుంచి నడుము దాకా నీలం.

"ఆ రెండో రంగు ఎవరిది?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"నాదే" అన్నారు మాస్టారు ఛాతీ విరిచి. "మొన్న నా బోన్లో పడింది. తోక చూస్తే గులాబి రంగు. ఆ రంగు ఎవరిదో వీధిలో ఎవర్నడిగినా చెబుతారు. ఎవరి సొత్తు వాళ్ళకు చేర్చడం నా పద్ధతండి. చేర్చినట్టు గుర్తుగా నీలిమందు పోసి తూములోంచి అటు పంపా."

"రాసుకోండి సార్" అన్నాను. "మా పెరట్లోకి ఎలుకను పంపానని ఆయనే ఒప్పుకున్నారు."

"రాసుకుంటాలే. మరి తోకకు రంగు ఎవరేసారు?"

"నేనేనండి."

"వేసి ఏం చేసావు?"

పుస్తకంలో రెండు పేజీలు తిప్పాను. "ప్రవేశపెట్టానండి."

"ఎక్కడ?"

"తూములోనండి."

"అటా, ఇటా?"

"అటేనండి."

అమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. జనంలోంచి పాల దుకాణం మామ్మ మెల్లిగా, "అయితే ఇన్నేళ్ళూ ఈ రెండిళ్ళకూ కలిపి ఉన్నది ఒక్క ఎలుకేనేమోనమ్మా" అంది. దాని మీద వీధి అంతా నవ్విన నవ్వు నాకింకా వినపడుతూనే ఉంది.

ఇన్‌స్పెక్టరుగారు మాత్రం నవ్వలేదు. ఆయన నవ్వి ఉంటే బాగుండేది. "మీ వీధిలో కోడిని రంగును బట్టి ఎవరిదో చెబుతారు గదా. ఆ లెక్కన ఇది మీ ఇద్దరి ఉమ్మడి ఎలుక. ఇద్దరూ కలిసి తీసుకెళ్ళి ఊరవతల వదిలి రండి. వదిలామని ఇద్దరూ వచ్చి నాతో చెప్పండి. కోళ్ళ సంగతి అప్పుడు తేలుస్తా" అని సైకిలెక్కారు.

ఊరవతల ఎక్కడ అన్నదాని మీద ఇంకో విచారణ జరిగింది. పొలిమేరలో వదిలితే సాయంత్రానికి తిరిగొస్తుందని మాస్టారు. మధ్యలో ఏరుండాలని నేను. చివరికి నందిగామ దాటి మున్నేరు వంతెన అవతల వదలాలని తేలింది. నేనొక్కణ్ణే వెళతానంటే ఆయనకు నమ్మకం లేదు, ఆయనొక్కరే వెళతానంటే అమ్మకు లేదు. అలా నేనూ, మాస్టారూ, మధ్యలో బోనూ బెజవాడ బస్సెక్కాం.

కండక్టరు వచ్చి గోనె ఎత్తి చూశాడు. "ఏవిటండి ఇది?"

"సాక్ష్యం" అన్నాను.

"సాక్ష్యానికి టిక్కెట్టు తీసుకోవాలి. కోడికీ మేకపిల్లకీ తీసుకోవట్లా? ప్రాణమున్న సరుకు."

"కోడీ మేకా పెంపుడువి. ఎలుక పెంపుడు జంతువని ఏ నిబంధనలో ఉందో చూపించండి" అని నేను నా పుస్తకం తీశాను.

"పెంపుడుది కాకపోతే రంగులెందుకేసారు? ఇంతకీ ఇది ఎవరిది?"

"మాది కాదు" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"ఎవరిదీ కానిదాన్ని బస్సులో ఎట్టా ఎక్కించారు? దిగండి" అని కండక్టరు ఈల ఊదాడు. బస్సు ఆగబోయింది. అప్పుడు మాస్టారు లేచి నిలబడ్డారు. "దిగడం తర్వాత. ముందు కుర్రాడడిగిన దానికి జవాబు చెప్పవయ్యా. చదువుకున్నవాడు వాడు" అన్నారు. అని, మెడలో ఈల తీసి బస్సు దద్దరిల్లేలా రెండుసార్లు ఊదారు. రెండు ఈలలంటే పొమ్మని. డ్రైవరు పోనిచ్చాడు.

నన్ను చదువుకున్నవాడని ఒక మనిషి అనడం అదే మొదలు. అన్నది మా శత్రువు. నేనేమనుకోవాలో తేల్చుకునేలోపు కండక్టరు మళ్ళీ ఈల ఊదాడు. మాస్టారు మళ్ళీ రెండు ఊదారు. చిల్లకల్లు దగ్గర దిగాల్సినవాళ్ళు దిగలేదు, ఎక్కాల్సినవాళ్ళు ఎక్కలేదు. అలా ఆగుతూ పోతూ, పోతూ ఆగుతూ నందిగామ చేరాక డ్రైవరు తనే ఇంజను ఆపి, దిగి వెనక్కి వచ్చి, "ఎవరండి ఆ రెండో కండక్టరు?" అని అడిగాడు. మమ్మల్ని అక్కడే దింపేశారు. మున్నేరు ఇంకా ముందుంది.

ఊరి చివర కందిచేను గట్టు మీద బోను పెట్టాం. నాకు ఒక అనుమానం వచ్చింది. "నందిగామవాళ్ళకు అన్యాయం కదండి?"

"వాళ్ళు మనకెన్ని పంపారో ఎవరికి తెలుసురా" అన్నారు మాస్టారు.

తలుపెత్తాను. ఎలుక గట్టు మీద కాసేపు కూర్చుంది. మా ఇద్దర్నీ చూసింది, ఇద్దరిలో ఎవరి తూములోకి పోవాలా అన్నట్టు. తర్వాత గులాబి తోక ఊపుకుంటూ కందిచేలోకి పోయింది.

తిరుగు బస్సులో ఖాళీ బోను ఒళ్ళో పెట్టుకుని మాస్టారు దాని తలుపు ఎత్తుతూ దించుతూ కూర్చున్నారు. తర్వాత, "బడి ఎందుకు మానేసావురా?" అన్నారు.

"మాన్పించారండి."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "ఈల ఊదితే నువ్వెప్పుడూ వరసలో ఉండేవాడివి కాదు. అందుకే, మానేసావని కూడా నాకు తెలియలేదు" అన్నారు. ఇంకాస్త దూరం పోయాక, "గంప మీద గోనె కప్పమని అమ్మకు చెప్పు. పొదుగు మీదున్నదానికి చలిగాలి తగలకూడదు" అన్నారు.

మర్నాడు ఇద్దరం వెళ్ళి ఇన్‌స్పెక్టరుగారికి చెప్పాం. కోళ్ళ మీద అర్జీ ఉన్నట్టా లేనట్టా అని ఆయన అడిగితే మాస్టారు, "క్రమశిక్షణ ఉన్న కోళ్ళయితే నాకు అభ్యంతరం లేదండి. దాని సంగతి నేను చూసుకుంటా" అన్నారు. అన్నంత పనీ చేశారు. నల్లకోడి పిల్లల్ని దింపిన నాటినుంచి గోడవతల నూకల చేట ఆయనే పట్టుకునేవారు. పొద్దునా సాయంత్రం ఈల మోగేది. గోలీల్లాంటి కోడిపిల్లలు గోడ కింద తూములోంచి ఒకదాని వెనక ఒకటి అటు వెళ్ళి వరసగా నిలబడేవి. అమ్మ గోడ మీద గడ్డం ఆనించి చూస్తూ, "ఆ చివరిది పక్కకు జరిగిందండి అన్నయ్యగారూ" అని చెప్పేది.

ఎలుకలు మాత్రం తగ్గలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు రెండిళ్ళలో ఏ బోను చప్పుడైనా మేం ముందు తోక చూసేవాళ్ళం. చూసి గోడ మీదినుంచి ఒకరికొకరు, లేదు అన్నట్టు తల ఊపుకునేవాళ్ళం.

మాస్టారు పోయి చాలా కాలమైంది. ఆ గోడా లేదు, తూమూ లేదు. ఆ స్థలంలో మూడంతస్తుల ఇల్లు లేచింది. అందులో అద్దెకున్నవాళ్ళు మేడ మీద ఒక పుంజును పెంచుతున్నారు. కిందటి నెల దాని మీద మున్సిపాలిటీకి అర్జీ రాసింది నేనే. అది వేరే సంగతి. ఆ పుంజుకు క్రమశిక్షణ లేదు. మొన్న పొద్దున మా వంటింట్లో బోను చప్పుడైంది. కళ్ళజోడు పెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుని వంగి, ముందు తోకే చూశాను. రంగేమీ లేదు. ఎందుకో కాస్త వెలితిగా అనిపించింది. "అట్టా చూస్తారేంటి, పట్టుకెళ్ళి వదిలిరండి" అంది మా ఆవిడ. నందిగామ బస్సు ఎన్నింటికో కనుక్కుందామని చొక్కా తొడుక్కున్నాను. గుమ్మం దాకా వెళ్ళాక గుర్తొచ్చింది, ఆ పనికి ఇద్దరుండాలని.