పేర్లు గీకేసిన రికార్డులు

జమైకాలో చెరకు నరికిన చేతులతో అరవై ఏడులో టొరంటో వచ్చాడు ఫెర్డినండ్ టల్లాక్. వారమంతా ఇనుప పోత ఫ్యాక్టరీలో పని, ఆదివారం సౌండ్, అంటే స్పీకర్లు పెట్టి జనానికి రికార్డులు వేయడం. మనిషెత్తు స్పీకర్ పెట్టెలు ఎనిమిదీ తన చేత్తో కోసి బిగించినవే. ‘కింగ్ క్లారెండన్’ అని పేరుపెట్టుకున్న ఆయన సౌండ్ మోగితే ఎగ్లింటన్ వీధిలో కిటికీ అద్దాలు వణికేవి. పోటీ అంటే రెండు సౌండ్లు వంతులవారీగా రికార్డులు వేయాలి, జనం కేకలదే తీర్పు. హామిల్టన్ వాళ్లని ఓడించాడు. మాంట్రియల్ వెళ్లి, వాళ్ల హాల్లోనే వాళ్లని ఓడించి వచ్చాడు. పదకొండు పోటీల్లో ఒక్కటీ పోలేదు.

కొన్న ప్రతి రికార్డుకీ లేబుల్ నానబెట్టి గీకేసేవాడు, ఎదుటివాళ్లు పేరు చదివి అదే పాట తెచ్చుకోకుండా. ఏది ఏదో తెలియడానికి మధ్యలో మేకుతో సన్నని గాట్లు పెట్టి, వేలితో తడిమి పోల్చుకునేవాడు. ఆ రికార్డుల పెట్టెను భార్య ఇసిల్డాని కూడా తాకనిచ్చేవాడు కాదు.

డెబ్బై తొమ్మిది ఆగస్టులో పోటీకి నాలుగు రోజుల ముందు కొలిమి దగ్గర ఆయన కుడిచేతి వేళ్లు కాలాయి. ఎడమచేతివి ఎప్పుడో మొద్దుబారాయి. పోటీ లాసెల్స్ అనే కుర్రాడితో. ఓడినవాళ్లు ఆ వీధిలో ఇక స్పీకర్ పెట్టెలు దించకూడదని ఒప్పందం. అవతలివాళ్లు వేసిన పాట మళ్లీ వేస్తే అక్కడికక్కడే ఓటమి.

చర్చి కింద హాలు క్రిక్కిరిసింది. ఇంటి దగ్గరే ఒక్కోటీ వేసి విని రికార్డుల్ని వరసగా పేర్చుకొచ్చాడు కాబట్టి ఫెర్డినండ్ చివరి వంతుదాకా నెట్టుకొచ్చాడు. అప్పుడే ఎవరో తూలి బల్లమీద పడ్డారు. రికార్డులన్నీ నేలపాలయ్యాయి.

లాసెల్స్ మైకందుకున్నాడు. “ఏం ఫెర్డీ, వెతుకుతున్నావా, మోకరించి ప్రార్థన చేస్తున్నావా? రెండు నిమిషాలే ఉన్నాయి పెద్దాయనా. పెట్టెలు మావాళ్లు మోస్తార్లే, నీ నడుం పట్టేస్తుంది.”

హాలంతా నవ్వింది. మేకమాంసం వడ్డిస్తున్న ఇసిల్డా గరిటె వదిలేసి, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ వచ్చింది.

“జరుగు.”

“నీకేం తెలుసు ఇసీ?”

“నువ్వు షిఫ్టుకెళ్లాక వీటి దుమ్ము ఎవరు దులిపారనుకున్నావ్? ఒక్కోటీ పెట్టుకుని వింటూ దులిపాను.”

“ముట్టుకోవద్దన్నానా?”

“అన్నావ్. తిట్లు ఇంటికెళ్లాక తిట్టు. గుర్తు చెప్పు.”

ఆయన చెవిలో చెప్పాడు. “మూడు దగ్గరగా, ఒకటి దూరంగా. మన సౌండ్ కోసమే పాడించింది, కింగ్‌స్టన్ నుంచి పోయిన వారం వచ్చింది, ఎవరూ వినలేదు.”

ఆమె ఒక్కోటీ తడిమి పక్కన పెట్టింది. రెండు చేతిలో మిగిలాయి.

“ఫెర్డీ, రెంటికీ అదే గుర్తు పెట్టావు.”

అదే గుర్తు ఎప్పుడో ఒక పాత రికార్డుకీ పెట్టినట్టు ఆయనకప్పుడు గుర్తొచ్చింది. రెండోది ఇందాక లాసెల్స్ వేసిన పాట. ఉన్నది ఒకే టర్న్‌టేబుల్. పెట్టి చూసుకునే వీల్లేదు. గుంపు సెకన్లు లెక్కపెడుతోంది.

ఇసిల్డా కళ్లు మూసుకుని రెండింటి గీతలమీదా వేలు పోనిచ్చింది. “ఇది ముల్లు తిరిగి తిరిగి అరిగింది, గీరుకుంది కూడా. ఇది నున్నగా ఉంది. ఇదే.”

“తప్పితే?”

“తప్పితే వీధి మారదాం. చెప్పు, పెట్టనా?”

“పెట్టు.”

ముల్లు బుసకొట్టింది. తర్వాత, కింగ్‌స్టన్ గాయకుడి గొంతు ‘కింగ్ క్లారెండన్’ అని ఫెర్డీ సౌండ్‌ని పేరుపెట్టి పిలిచింది. జనం గోడలు బాదారు. లాసెల్స్ కేబుళ్లు చుట్టుకోసాగాడు.

గెలిచినవాళ్లు హాలు మూసేదాకా పాటలు వేయాలి. ఆ సాయంత్రం ఆ పని ఇసిల్డా చేసింది. ఆయన పక్కనే నిలబడ్డాడు, అడిగితేనే మాట్లాడాడు.